ఎండ అడిగిన పిల్ల

నాగేశ్వరి ముట్టుగుడ్డలు కట్టి ఆవకాయ పెట్టిందని మూసారాంబాగ్ వంతెన దగ్గర్నుంచి కొత్తపేట దాకా చెప్పుకుంటున్నారు. ఇందులో సగం నిజం, సగం అబద్ధం. అబద్ధమైన సగాన్నే జనం ఎక్కువ మోస్తున్నారు. మొన్న ఒక పెళ్ళిలో ముక్కూ మొహం తెలియని ఆవిడ నా పక్కన కూర్చుని, నేనే నాగేశ్వరినని తెలియక, నా కథ నాకే చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో నేను జాడీడు ఆవకాయనీ మూసీలో పారబోసి, ఇల్లంతా పసుపునీళ్ళు చల్లించి, తలంటు పోసుకున్నాను. విస్తరి ముందు కూర్చుని గొడవెందుకని అంతా విని, “అలాగా!” అన్నాను.

నేనేమీ పారబోయలేదు. ఆ ఆవకాయ ఈ పూట కూడా తిన్నాను. ఐదో తరగతితో ఆగిపోయినా రాయడం మర్చిపోలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తే నయమనిపించింది. ఆవకాయ నాది. కథ మాత్రం యాదలక్ష్మిది.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి గడ్డిఅన్నారం వైపు దిగే సందుల్లో ఉంటుంది. మూడంతస్తులు, పైన డాబా. తెనాలి నుంచి వచ్చి ఈ ఇల్లు కట్టుకున్న కొత్తలో పండ్ల మార్కెట్ లారీల హారన్లతోనే మాకు తెల్లారేది. మార్కెట్ ఊరవతలకి వెళ్ళిపోయాక వీధి నెమ్మదించింది. దాన్ని నమ్ముకున్న హమాలీల కుటుంబాలు మాత్రం మా వెనక సందులోని రేకుల గదుల్లోనే ఉండిపోయాయి. అటు వరస, ఇటు వరస, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవలసినంత నడవ. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచేసరికి ఆ గదుల్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాల్సిందే.

అందులో ఒక గది యాదలక్ష్మి వాళ్ళది. తండ్రి అంతయ్య హమాలీ. ఇప్పుడు రోజూ ఎల్‌బీ నగర్ వెళ్ళి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని కొత్త మార్కెట్‌కి పోతాడు. తల్లి అండాలమ్మ మా ఇంట్లోనూ, ఎదురింటి సామ్రాజ్యం గారి ఇంట్లోనూ పనిచేస్తుంది. నెమ్మదైన మనిషి. నెలలో ఆ నాలుగు రోజులూ ఒకరు చెప్పకుండానే అంట్లు పెరటి కుళాయి దగ్గరికి తెచ్చుకుని తోముకునేది, వంటింటి గడప దాటేది కాదు. చిట్యాల పక్కన ఏదో పల్లె వాళ్ళది. ఈ పిల్ల డిగ్రీ చదువుతోంది. పొడుగ్గా, సన్నగా, వీధి మొదట్లో ఉండగానే చెప్పుల చప్పుడు వినిపించేంత విసురుగా నడుస్తుంది. మాట మాత్రం నెమ్మది.

శివరాత్రి వెళ్ళాక ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“అమ్మమ్మా, ఒకటి అడుగుతా. ఏమనుకోవద్దు.”

“అడగవే.”

“మీ డాబా మీద ఎండ జర వాడుకుంటా.”

మిక్సీ అడుగుతారు, నిచ్చెన అడుగుతారు, ముగ్గురు చుట్టాలొస్తే మంచం అడుగుతారు. ఎండ అడిగిన మనిషిని నేను చూడలేదు.

“ఎండ నాదేమిటే? సూర్యుడు నా దగ్గరేమన్నా అద్దెకుంటున్నాడా?”

“ఎండ మీది కాదు గని, తాళం మీదే గద.”

ఆ జవాబుకి తాళంచెవి ఇవ్వకుండా ఎలా ఉంటాను? “బట్టలు ఆరేసుకోవడానికా?” అన్నాను. “ఆ... బట్టలే” అంది, తల దించుకుని. నా వడియాలు పెట్టే వైపు రావద్దు, ట్యాంకు వెనక వైపు వాడుకో అని చెప్పాను. పైకి వెళ్ళి చూసే యోగం నాకు లేదు. మోకాళ్ళు మొరాయించి డాబా మొహం చూడక చాలా కాలమైంది. వడియాలు కూడా మా ఆయన వెంకట్రావు గారి చేతే పెట్టిస్తున్నాను. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. వడియాలన్నీ స్తంభాల్లాగా ఒకే దూరంలో, వరసలు తప్పకుండా పెడతారు.

వెళ్ళబోతూ ఆ పిల్ల ఇంకోటి అడిగింది. “పాత నూలు చీరలుంటే ఇయ్యుండ్రి అమ్మమ్మా. మెత్తబడ్డయి.” బీరువా అడుగున ఉన్న బందరు అచ్చు చీర తీసిచ్చాను. తెల్ల నేల మీద ఎర్రపూలు, పూల చుట్టూ నల్లగీత. ఎన్నో ఉతుకులకి వెన్నలా అయింది. ఈ రోజుల్లో నూలు చీర ఎవరింట్లో దొరుకుతుంది? ఆ గదుల్లో ఆడవాళ్ళు కట్టేవన్నీ జారిపోయే పాలిస్టరు రకాలే. నీళ్ళు పడితే పీల్చవు, జారుస్తాయి. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

ఇక చూడండి నా అవస్థ. మా మెట్లు నా కిటికీ పక్కనుంచే పోతాయి. మధ్యాహ్నం పనులయ్యాక ఒక్కొక్కరే వచ్చేవారు. వెనక గదుల ఆడవాళ్ళు, బండి మీద జామకాయలమ్మే ఆమె, బడి పిల్లలు ఇద్దరు ముగ్గురు. అందరి చేతిలోనూ కొంగు కింద దాచిన చిన్న సంచి. దొంగల్లా ఎక్కేవారు, కాసేపటికి నవ్వుకుంటూ దిగేవారు. నలుగురు ఆడవాళ్ళు నవ్వుతున్నారంటే అదేమిటో నాకు తెలియాలి. తెలియకపోతే ఆ పూట అన్నం సయించదు.

అండాలమ్మని అడిగాను.

“మీ అమ్మాయి డాబా మీద ఏం చేస్తోందే?”

“బట్టలేస్తదమ్మా.”

“ఏం బట్టలు?”

“బట్టలంటే బట్టలే.” అని మాడిపోని గిన్నెని కూడా మాడిపోయినట్టు తోమడం మొదలుపెట్టింది.

సందు మొదట్లో టైలరు శ్రీనివాస్ ఉంటాడు. అతను అన్నానికి వెళ్ళినప్పుడు యాదలక్ష్మి అతని మిషను మీద కూర్చోవడం మా ఆయన చూశారు. జాకెట్టు ఇచ్చే వంకన వెళ్ళి అతన్నీ కదిలించాను. “చౌరస్ ముక్కలు కుడతదమ్మా. సాఫ్‌గ కుడతది. ఎందుకని నేనడగలే. ఆడోళ్ళ కుట్టు మనకెందుకు?” అన్నాడు. అడగని మనుషులు లోకంలో ఎలా బతుకుతారో నాకర్థం కాదు.

ఆ పిల్లనే అడగొచ్చు కదా అంటారు మీరు. సాయంత్రం తాళంచెవి చేతికిస్తూ ఆమె తల వంచుకునేది. వంచిన తల మీద ప్రశ్న పెట్టడానికి నా అంతటిదానికీ నోరు రాలేదు.

ఆఖరికి మామిడికాయలు దిగిన రోజుల్లో ఉండబట్టలేక వెంకట్రావు గారిని పైకి పంపాను. ఆడవాళ్ళెవరూ లేని వేళ చూసుకుని వెళ్ళి, రెండు గుడ్డలు పట్టుకుని దిగారు.

“ఏముందండీ పైన?”

“తాడు నిండా ఈ గుడ్డలే. జేబురుమాలు కంటే కాస్త పెద్దవి. ఇదిగో.”

“ఎవరివో ఏమో, అడక్కుండా తెచ్చేస్తారా?”

“ఎవరివేంటే? నీ బందరు చీర పూలు నేను గుర్తుపట్టనా? ఆ పిల్ల జాడీల మూతికి కట్టే వాసెన గుడ్డలు కుడుతోంది. ఆవకాయల కాలం కదా, అమ్ముకుంటుంది కాబోలు. బుద్ధిమంతురాలు!”

చూస్తే అలాగే ఉన్నాయి. నలుచదరంగా, రెండు పొరలుగా, చుట్టూ అంచు మడిచి కుట్టి, మూలకి తగిలించుకునే చిన్న దారపు ఉంగరం. మా వీధిలో వేసవికాలం నలుచదరపు నూలు గుడ్డ కనిపిస్తే జాడీ మూతి తప్ప ఇంకేం గుర్తొస్తుంది? అప్పటికే రైతు బజారులో కాయ కొట్టించి తెచ్చాను. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నూనె పోసి, రెండు జాడీలకెత్తి, ఆ పూలగుడ్డలే వాసెన కట్టాను. జాడీలకి పెళ్ళికళ వచ్చింది.

సాయంత్రం యాదలక్ష్మి తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. జాడీల వంక చూసింది, నా వంక చూసింది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏమే, ఆవఘాటు ఎక్కిందా?”

“ఆ... ఘాటే అమ్మమ్మా” అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు సందు చివరిదాకా వినిపించింది.

నాకు తెలిసింది నలుగురికీ చెప్పకపోతే తెలుసుకుని ఏం లాభం? మర్నాడు ప్రహరీగోడ మీదుగా సామ్రాజ్యం గారికి చెప్పాను. ఆవిడది భీమవరం. ఆవకాయ కలిపే రోజు పట్టుచీర కట్టుకుని, గేటుకి తాళం వేసి, ఫోను కూడా ఎత్తరు. అంత మడి.

“జాడీ గుడ్డలు కుడుతోందా అండాలు కూతురు? నాక్కూడా ఓ నాలుగు చెప్పండి వదినగారూ.”

“మీరే చెప్పండి. మీ ఇంటికీ వస్తుందిగా.”

ఆవిడ చెప్పింది. ఆ తర్వాతి రోజు పొద్దున్నే, వాకిలి ఊడుస్తున్న అండాలమ్మని పిలిచి, “మీ అమ్మాయి కుట్టే గుడ్డలు నాలుగు తెచ్చిపెట్టవే, నాగేశ్వరి గారిలాగా జాడీలకి కట్టుకుంటాను” అందట. అండాలమ్మ చేతిలో చీపురు కింద పడిందట.

“అయ్యో అమ్మా! గవి జాడీలకు కట్టేటియి కావు!”

“మరి దేనికే?”

అండాలమ్మ చీపురు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఆడదానికి అంత చాలు, అర్థమవడానికి. నా దాకా వచ్చేలోపే ఆ అర్థమైనది చాయ్ హోటల్ దాకా పాకింది.

అది ఆవకాయ పెట్టిన మూడోనాడు. మధ్యాహ్నం జాడీ మూత తీసి తిరగకలుపుతున్నాను. ఊట బాగా దిగింది, ఎర్రటి నూనె పైకి తేలింది. గేటు దగ్గర్నుంచి కేక.

“వదినగారూ! ఆ జాడీ ముట్టుకోకండి!”

గరిటెతోనే బయటికొచ్చాను. సామ్రాజ్యం గారు గేటు లోపలికి అడుగు పెట్టలేదు. రహస్యం చెబుతున్నట్టు వంగి, వీధంతా వినేలా చెప్పింది. “అవి ముట్టుగుడ్డలండీ! వెనక గదుల వాళ్ళందరివీ మీ డాబా మీద ఆరేస్తోందిట ఆ పిల్ల. పారబొయ్యండి! మూసీలో కలిపెయ్యండి! నేను స్నానానికి పోతున్నా!”

అబద్ధమెందుకు, చేతిలో గరిటెని ఒక్కసారి దూరంగా పట్టుకున్నాను. జాడీ దగ్గరికెళ్ళి వాసన చూశాను. కమ్మటి ఆవకాయ వాసనే. గుడ్డని చూశాను. నా చీర పూలే. ఎదురుగా ఉన్నదానిలో తప్పేమీ కనపడటం లేదు, చెవిలో పడ్డ మాట మాత్రం వదలడం లేదు. ఇలా కాదనుకుని గరిటె కడిగి పెట్టి, చెయ్యి తుడుచుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాను.

ఒక్కో మెట్టుకీ ఒక దేవుణ్ణి తలుచుకున్నాను. అంతస్తుకోసారి కూలబడ్డాను. దేవుళ్ళు అయిపోయేసరికి డాబా వచ్చింది.

ట్యాంకు వెనక పాత చీర తెరలా కట్టి ఉంది. దాని వెనక అండాలమ్మ, జామకాయల ఆమె, ఇంకో ఇద్దరు గబగబా గుడ్డలు లాగి బకెట్లో వేసుకుంటున్నారు. నన్ను చూసి ఎక్కడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాడు మీద నా ఎర్రపూలు, ఎవరిదో లుంగీ గళ్ళు, ఎవరి జాకెట్టో ఆకుపచ్చ. ఎవరివి వాళ్ళకి తెలియడానికి మూల మీద రంగుదారంతో ఒక్కొక్క పొడుపు. ఎండకి అప్పడాల్లా ఫెళఫెళలాడుతున్నాయి.

“తీసేస్తున్నమమ్మా. ఇగ రాము. తాళం తీస్కోండి” అంది అండాలమ్మ.

నేను ముందు అడిగిందేమిటో చెబితే మీరు నవ్వుతారు. “నా జాడీలకి కట్టినవి ఎవరివే?” అన్నాను.

“ఎవలియి కావమ్మా. గా పూలయి కొత్తయి. కుట్టినంక ఉడకబెట్టి, ఎండల ఏసి, గప్పుడే మా చేతికిస్తది. ఇంక ఎవలకీ ఇయ్యలే.”

ప్రాణం కుదుటపడింది. ట్యాంకు గట్టు మీద కూర్చున్నాను. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అందుకున్నారు. తాళం ఎలాగూ పోయింది, చెప్పేస్తే ఏం పోయిందనుకున్నారో ఏమో.

“గదులల్ల ఎండ పడదు. మా ఓనరు డాబా ఎక్కనియ్యడు. మంచం కింద, సిలిండర్ ఎనుక ఆరేస్తుంటిమి. ఆరకపోతుండె. పచ్చియే కట్టుకుంటుంటిమి” అంది అండాలమ్మ.

“ఇగ దురద, పుండ్లు. ఎవలకు చెప్పుకుంటం?” అంది జామకాయల ఆమె. “అండాలక్క నడువలేకపోతే లక్ష్మే దవాఖానకు తోల్కపోయింది. గుడ్డ కట్టుకుంటే ఏం కాదు, గని మంచిగ ఉతికి ఎండకెయ్యాలె అన్నది డాక్టరమ్మ. ఎండ యాడికెంచి తేవాలె?”

“ఎవలో ఒచ్చి ప్యాకెట్లు పంచిండ్రు, ఫోటోలు దిగిండ్రు, పోయిండ్రు. అయి ఒడిసినయ్, మల్ల రాలే” అంది ఇంకొకామె. “కొనుడు మాతోని కాదు. మా చిన్నదాన్ని గా రోజులల్ల బడి మానిపిస్తుంటి. గప్పుడు లక్ష్మి అన్నది, ప్యాకెట్ ఒడుస్తది గని ఎండ ఒడువదు పిన్నీ అని. చౌరస్‌గ కుడితే తాడు మీద ఉన్నా ఎవలకు తెల్వదన్నది. ఇప్పుడు నా బిడ్డ ఒక్కరోజు బడి ఇడుస్తలేదు.”

మా ఇల్లు తుడుస్తూ తుడుస్తూ అండాలమ్మ నడుం పట్టుకుని నిలబడటం నేను చూశాను. వేడి చేసిందేమో, మజ్జిగ తాగవే అన్నాను.

“ఇంతకీ పిల్లేదే?”

అప్పుడు ఏడ్చింది అండాలమ్మ. “ఆయన తీస్కపోయిండమ్మా. చాయ్ హోటల్ కాడ నలుగుట్ల అన్నరట, నీ బిడ్డ గా అమ్మ పచ్చడి జాడీలు మైల జేసిందట గద అని. ఇజ్జత్ పోయిందన్నడు. చదువు బంద్ అన్నడు. ఊర్ల అవ్వకాడ ఇడిసొస్తడట. ఎల్‌బీ నగర్‌ల బస్సెక్కుతరు.”

“అసలు సంగతి ఆయనకి చెప్పలేదా?”

“ఆడిపిల్ల నాయినకు ఏమని చెప్తదమ్మా? పెండ్లాన్ని, నేనే చెప్పలే.”

ఎక్కడం కంటే దిగడం కష్టమంటాడు నా మోకాళ్ళ డాక్టరు. ఎలా దిగానో నాకు తెలియదు. వంటింట్లోకి వెళ్ళి, వేడన్నంలో ఆ జాడీలో ఆవకాయే వేసి, నూనె పోసి, ఎర్రగా కలిపి స్టీలు డబ్బాలో పెట్టాను. డబ్బా చుట్టూ ఆ పూలగుడ్డే కట్టాను. “ఏవండీ, ఆటో పిలవండి” అన్నాను. ఆయన అంతా విన్నట్టున్నారు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చేశారు.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో మెట్ల కింద నల్గొండ వైపు బస్సులాగే చోట తిరునాళ్ళలా ఉంది. సంచులు, సూట్‌కేసులు, చంకల్లో పిల్లలు. అరగంట వెతికినా దొరకరేమోనని ఆయన గొణుగుతుంటే, ముందు నాకు ఆ పిల్ల చెప్పులు కనిపించాయి. సంచి మీద కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద తల. పక్కనే అంతయ్య చేతులు కట్టుకుని వచ్చే బస్సుల బోర్డులు చూస్తున్నాడు. నన్ను చూసి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మీరెందుకొచ్చిండ్రమ్మా గీ ఎండల?”

“మీ అమ్మాయి నా దగ్గర ఎండ తీసుకుంది అంతయ్యా. చెప్పకుండా పోతుంటే అడగొద్దూ?”

“అంత తెలిసిందమ్మా. మీ మొకం ఎట్ల సూడాలె నేను? మీ ఇంట్ల తిన్నోళ్ళం. మీ జాడీలు ఖరాబ్ చేసింది నా బిడ్డ. ఊర్ల ఇడిసొస్త, మీకు మల్ల కనవడది.”

“జాడీలకి కట్టింది మీ అమ్మాయా? మా ఆయన తెచ్చారు, నేను కట్టాను. మమ్మల్ని కూడా మీ ఊళ్ళో దింపి వస్తావా?”

వెంకట్రావు గారు ఏమీ విననట్టు బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టారు.

“ఇంతకీ నా ఆవకాయ ఖరాబైందని నీకెవరు చెప్పారు?”

“గల్లీ అంత అంటున్నది.”

“గల్లీ తిని చూసిందా?”

అక్కడే ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుని డబ్బా గుడ్డ విప్పాను. విప్పి, అందరికీ కనిపించేలా దులిపి, ఒళ్ళో పరుచుకున్నాను. ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. ముక్క కొరికితే టక్కుమంది. పక్కన ఎవరో పిల్లాడు గుటక మింగాడు. అంతలో నల్గొండ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ అరుస్తున్నాడు. అంతయ్య వంగి సంచి ఎత్తాడు. యాదలక్ష్మి లేచి నిలబడింది.

“చెయ్యి చాపు అంతయ్యా.”

“నేనా అమ్మా?”

“పొద్దున్నుంచి ఏమీ తిని ఉండవు. చాపు.”

సంచి కింద పెట్టాడు. ముద్ద అతని చేతిలో పెట్టాను. నా ఒళ్ళో గుడ్డని చూశాడు, ముద్దని చూశాడు, కూతురి మొహం మాత్రం చూడలేదు. నోట్లో పెట్టుకున్నాడు.

“ఎక్కుతరా లేదా పెద్దమనిషీ?” అని కండక్టరు.

అంతయ్య నములుతున్నాడు. నోట్లో అన్నంతో జవాబు చెప్పే మనిషి కాదు. మింగేసరికి బస్సు కదిలింది.

“ఎలా ఉంది?”

కాస్త ఆలోచించాడు. “ఉప్పు జర ఎక్కువైందమ్మా.”

ముందు నవ్వింది మా ఆయన. నలభై ఏళ్ళుగా ఆయన అంటున్న మాటే అది, ఒక్క మనిషి కూడా ఒప్పుకోలేదు.

నేను నవ్వలేదు. “ఉప్పు సంగతి తర్వాత. మీ ఆవిడ ఎన్నాళ్ళుగానో తడిగుడ్డ కట్టుకుని, పుండ్లతో మా ఇళ్ళు తుడిచింది. నీ పక్కనే ఉన్నా నీకు తెలియలేదు, నా ఎదురుగా తిరిగినా నాకు తెలియలేదు. ఈ పిల్లకి తెలిసింది. తెలిసి ఊరుకోలేదు, అందరికీ ఎండ చూపించింది. ఇంతే ఈ పిల్ల చేసింది.”

అతను చాలాసేపు తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. తుడవడానికేమీ మిగలకపోయినా తుడుచుకున్నాడు. అప్పుడు కూతురి వైపు తిరిగాడు.

“అమ్మకు బాగలేకుండెనా బిడ్డా?”

ఆ పిల్ల తల ఊపింది.

“ఇప్పుడో?”

“ఇప్పుడు మంచిగున్నది నాయినా. ఎండకేసినంక మంచిగైంది.”

ఇంకో నల్గొండ బస్సు వచ్చింది. అంతయ్య సంచి భుజానికెత్తుకున్నాడు.

“నడువు.”

“యాడికి?” అంది ఆ పిల్ల.

“ఇంటికి. రేపు కాలేజి లేదా నీకు?”

ఆ తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చివరి మాట ఆ పిల్లదే ఉండాలి. ఆ వారంలోనే అంతయ్య పండ్ల పెట్టెలు కట్టే గట్టితాడు తెచ్చి, డాబా మీద ఇంకో రెండు వరసలు కట్టిపెట్టాడు. ఎందుకని ఎవరూ అనలేదు, ఇందుకని అతనూ అనలేదు. వానాకాలం వచ్చేలోపు వెంకట్రావు గారు వాటి పైన వెలుతురు దిగే రేకు వేయించారు. తెర మాత్రం అలాగే ఉంది, అది వాళ్ళ ఇష్టం. మూసారాంబాగ్ వైపు ఇంకొకరి డాబా తాళంచెవి కూడా యాదలక్ష్మి చేతికి వచ్చింది. సామ్రాజ్యం గారు కొన్నాళ్ళు మా గుమ్మం తొక్కలేదు. నెలకోసారి గోడ మీదుగా, “వదినగారూ, మీ ఆవకాయ బూజు పట్టిందా?” అని అడుగుతారు. “ఇంకా లేదండీ” అంటాను. కార్తీకం కూడా దాటింది, ఇంకా లేదు. ఈమధ్య ఒక మూట అండాలమ్మ చేతిలో పెట్టి, “పాతవి, ఎవరికైనా ఇవ్వు” అందట. విప్పితే అన్నీ నూలు చీరలే, ఒక్కటి కూడా చిరగలేదు.

ఇక ఆ రోజు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంతయ్య ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో మా ఆయన, నేను, మధ్యలో ఆ పిల్ల. డబ్బా ఆమె ఒళ్ళో ఉంది, పూలగుడ్డ కట్టి ఉంది. చైతన్యపురి దాటుతుండగా ఇక నా వల్ల కాలేదు. ఊరందరినీ అడిగాను, ఈ పిల్లని ఒక్కదాన్నే అడగలేదు. వంగి, చిన్నగా అడిగేశాను.

“ఏమే లక్ష్మీ, ఆ రోజు సాయంత్రం వంటింట్లో నా జాడీల మీద నీ గుడ్డలు చూశావు. అవి దేనికి కుట్టావో నీకు తెలుసు. ఒక్క మాట చెబితే ఇంత గొడవ ఉండేది కాదు కదా. ఎందుకు ఊరుకున్నావే?”

ఆ పిల్ల ముందు తండ్రి వీపు వైపు చూసింది. తర్వాత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, నా చెవి దగ్గరికి వంగింది. ఆ రోజు ఘాటు అనుకున్నానే, అది ఘాటు కాదని అప్పుడు తెలిసింది.

“చెప్దామనే ఉండె అమ్మమ్మా. గని గా రోజులల్ల మా అమ్మ మీ వంటింటి కడప దాటదు గద. గుడ్డేమో లోపటికి పొయ్యి, జాడీ నెత్తిమీద కూసున్నది. నాకు మస్తు సంబురమైంది. ఎన్నొద్దులు కూసుంటదో చూద్దామని ఊకున్న.”